చిన్న బాక్స్‌లో బేస్ ఎందుకు పలకదు, పలకాలంటే ఏం చేయాలి

కోఠి గుజరాతీ గల్లీలో ఒక జత 4 అంగుళాల స్పీకర్లు కొన్నాను. ఇంట్లో మిగిలిపోయిన 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క ఉంటే తెలిసిన వడ్రంగి చేత రెండు చిన్న బాక్సులు కొట్టించాను. లోపల ఎటు కొలిచినా 17 సెంటీమీటర్లు, అంటే ఒక్కోదాంట్లో సుమారు 5 లీటర్ల చోటు. "వెనకాల ఒక రంధ్రం పెట్టమంటారా సార్, పెద్ద కంపెనీల బాక్సులన్నిటికీ ఉంటుంది, బేస్ దాంట్లోంచే వస్తుంది" అన్నాడాయన. సరే పెట్టమన్నాను, 5 సెంటీమీటర్ల రంధ్రం కోశాడు. ఇంటికి తెచ్చి కచేరీ రికార్డింగ్ పెడితే మృదంగం ఎడమవైపు దెబ్బ దాదాపు వినపడటం లేదు. వార్తలు పెడితే చదివే ఆయన బిందెలో తలపెట్టి మాట్లాడుతున్నట్టు ఉంది. ఉండాల్సిన బేస్ లేదు, ఉండకూడని చోట మోత.

ఆ మోత ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క తేలడానికి నాకు వారం పట్టింది. ఆ వారంలో తెలిసిందే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే బ్లూటూత్ స్పీకర్ కొనేవాళ్ల దగ్గర్నుంచి సొంతంగా బాక్స్ చేసుకునేవాళ్ల దాకా ఇదే చోట పొరబడుతున్నారు.

ముందు గాలి సంగతి. బేస్ అంటే ఎంత గాలిని కదిలిస్తున్నామన్నదే. పాటలో స్వరం ఒక స్థాయి కిందికి దిగితే, అంటే ఫ్రీక్వెన్సీ సగమైతే, అంతే గట్టిగా వినిపించడానికి కోన్, అంటే స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే గరాటు లాంటి భాగం, నాలుగు రెట్లు ఎక్కువ దూరం ఊగాలి. 200 హెర్ట్జ్ దగ్గర కంటికి కనపడనంత కదిలే కోన్, 100 దగ్గర నాలుగు రెట్లు, 50 దగ్గర పదహారు రెట్లు ఊగాలన్నమాట. 4 అంగుళాల స్పీకర్‌లో గాలిని తోసే భాగం దాదాపు 50 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది, అది ఒక్కోవైపుకి 3 మిల్లీమీటర్లు కదలగలదు అనుకుంటే ఒక్క తోపులో జరిగే గాలి 15 మిల్లీలీటర్లు, మూడు టీ స్పూన్లంత. 12 అంగుళాల వూఫర్ అయితే 5 మిల్లీమీటర్లు కదిలినా చాలు, పావు లీటరు గాలి జరుగుతుంది. ఈ లెక్కన ఆ చిన్నది 50 హెర్ట్జ్ దగ్గర ఒక మీటరు దూరంలో ఎంత గింజుకున్నా 80 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది, పెద్దది 104 దాకా పోతుంది. పైగా మన చెవి కూడా బేస్ విషయంలో మొండిది: 50 హెర్ట్జ్ శబ్దం 40 డెసిబెల్స్ దాటితే గాని అసలు చెవికి ఆనదు. సౌండ్ తగ్గించి పాట వింటే ముందు మాయమయ్యేది బేసే, దానికి కారణం ఇదే.

ఇక డబ్బా. స్పీకర్ కోన్ ముందుకు తోస్తే ముందు గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ఈ రెండూ కలిసిపోతే ఒకదాన్నొకటి తినేస్తాయి, అందుకే స్పీకర్‌ని విడిగా చేత్తో పట్టుకుని పాట పెడితే రేకుడబ్బా మోగినట్టు ఉంటుంది. బాక్స్ చేసే మొదటి పని ఆ వెనక శబ్దాన్ని ఆపడం. కానీ ఆపగానే ఇంకో సమస్య మొదలవుతుంది. లోపల మూసుకుపోయిన గాలి స్ప్రింగ్‌లా పనిచేస్తుంది, డబ్బా ఎంత చిన్నదైతే ఆ స్ప్రింగ్ అంత గట్టిది. సూది లేని సిరంజి మూతిని వేలితో మూసి పిస్టన్ నొక్కి చూడండి, లోపల గాలి ఎక్కువుంటే మెత్తగా, తక్కువుంటే గట్టిగా ఎదురు తంతుంది. కోన్‌కి జరిగేది కూడా అదే.

నా స్పీకర్ల కాగితంలో రెండు సంఖ్యలు ఉన్నాయి. ఒకటి దాని సహజ ఫ్రీక్వెన్సీ, 65 హెర్ట్జ్. రెండోది వాస్ అంటారు, 5 లీటర్లు, అంటే ఆ కోన్‌ని పట్టి ఉంచే రబ్బరు, గుడ్డ ఎంత బిగువుగా ఉన్నాయో అంతే బిగువు 5 లీటర్ల గాలికి ఉంటుందని అర్థం. దాన్ని సరిగ్గా 5 లీటర్ల మూసిన డబ్బాలో పెడితే బిగువు రెట్టింపవుతుంది, 65 కాస్తా 92 హెర్ట్జ్ అవుతుంది. డబ్బా రెండున్నర లీటర్లే అయితే 112 దాటుతుంది. అక్కడి నుంచి కిందికి శబ్దం జారిపోవడమే. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, మనం ఎంత పైన ఆగిపోయామో చూడండి.

దీని గురించి అమెరికాలో ఆంటన్ హాఫ్‌మన్ అనే ఆయన తేల్చి చెప్పిన సూత్రాన్ని ఇప్పటికీ హాఫ్‌మన్ ఇనుప సూత్రం అంటారు. కేఎల్‌హెచ్ అనే స్పీకర్ల కంపెనీ పేరులో చివరి అక్షరం ఆయనదే. చిన్న డబ్బా, లోతైన బేస్, తక్కువ కరెంటుతో ఎక్కువ శబ్దం అంటే సామర్థ్యం, ఈ మూడింట్లో రెండే కోరుకోవచ్చు, మూడోది వదులుకోవాలి. కచ్చితంగా చెప్పాలంటే, అంతే సామర్థ్యంతో ఒక స్థాయి కిందికి దిగాలంటే డబ్బా 8 రెట్లు పెద్దది కావాలి. డబ్బా పెంచనంటే సామర్థ్యం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. బజారులో ఏ కొత్త టెక్నాలజీ పేరు విన్నా నేను ముందు అడిగేది ఒకటే, ఈ మూడింట్లో వీళ్లు ఏది వదిలేశారు అని. దొరక్కుండా ఉండదు.

1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చినప్పుడు వదిలింది సామర్థ్యాన్ని. అప్పటిదాకా మంచి బేస్ కావాలంటే బీరువా అంత డబ్బా ఉండేది. విల్చర్ ఆలోచన తిరగేసి చూడటం లాంటిది: డబ్బాలో గాలి స్ప్రింగ్ అవుతుంటే కానీ, కోన్‌ని పట్టి ఉంచే రబ్బరు, గుడ్డలనే బాగా వదులు చేద్దాం, గాలినే అసలు స్ప్రింగ్‌గా వాడుకుందాం అన్నాడు. గాలి స్ప్రింగ్ గుడ్డ కన్నా సమానంగా లాగుతుంది కాబట్టి శబ్దం కూడా శుభ్రంగా వచ్చింది. పుస్తకాల షెల్ఫ్‌లో పట్టే బాక్స్‌లో 12 అంగుళాల వూఫర్ బిగించారు. అంత శబ్దం రావాలంటే పెద్ద యాంప్లిఫైయర్ కావాల్సి వచ్చింది, ఆ ఖర్చు వినేవాళ్ల మీద పడింది.

రంధ్రం కథ ఇంకా పాతది. బెల్ ల్యాబ్స్‌లో ఆల్బర్ట్ థురస్ 1930లో పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు, 1932లో వచ్చింది. వెనక శబ్దాన్ని వృథా చేయకుండా ఒక గొట్టంలోంచి బయటికి తెచ్చి ముందు శబ్దానికి కలపడం దీని పని. ఇది అర్థం కావాలంటే ఘటం చూడండి. వాయించే విద్వాంసుడు కుండ మూతిని పొట్టకు ఆనిస్తూ తీస్తూ ఉంటే ఆ లోతైన శబ్దం కిందికీ పైకీ జారుతుంది. మూతిలోని గాలి ఒక బరువు, కుండలోని గాలి ఒక స్ప్రింగ్, రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగుతాయి. మూతి సన్నమైనా, మెడ పొడవైనా, కుండ పెద్దదైనా ఆ స్వరం దిగుతుంది. పల్లెల్లో స్పీకర్‌ని మట్టికుండకి బిగించి బేస్ బాగుందని మురిసిపోయేవాళ్లని చూసే ఉంటారు. వాళ్లు వింటున్నది కుండ స్వరం, పాట ఏదైనా ఆ ఒక్క స్వరమే మోగుతుంది.

నా బాక్స్‌కి జరిగింది సరిగ్గా ఇదే. 5 లీటర్ల డబ్బా, 5 సెంటీమీటర్ల రంధ్రం, మెడ పొడవు అంటే చెక్క మందం మాత్రమే, 18 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే 145 హెర్ట్జ్ దగ్గర తేలింది. మగవాళ్ల గొంతు ఉండే చోటు అది! వార్తల ఆయన బిందెలోకి దిగింది అందుకే. ఆ 145కి కింద ఇంకా ఘోరం, గొట్టం ఉన్న డబ్బాలో దాని స్వరానికి కింద గాలి ఎదురు తన్నడం మానేస్తుంది. ముందు శబ్దం, వెనక శబ్దం రంధ్రం ద్వారా కలిసిపోయి కొట్టుకుపోతాయి, కోన్ మాత్రం పట్టు లేకుండా కొట్టుకుంటుంది. మూసిన డబ్బాలో బేస్ స్థాయికి 12 డెసిబెల్స్ చొప్పున జారితే, రంధ్రం ఉన్నదాంట్లో 24 చొప్పున పడిపోతుంది.

మరి సరైన పొడవు గొట్టం పెడితే? 55 హెర్ట్జ్ కావాలని లెక్క వేశాను. 5 సెంటీమీటర్ల గొట్టం అయితే 35 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. డబ్బానే 17 సెంటీమీటర్లు! మెలికలు తిప్పి ఇరికించినా ఉన్న 5 లీటర్లలో దాదాపు 700 మిల్లీలీటర్ల చోటు గొట్టమే తినేస్తుంది. సరే సన్నం చేద్దాం, రెండున్నర సెంటీమీటర్ల పైపు అయితే 8 సెంటీమీటర్లు చాలు, హాయిగా పడుతుంది. కానీ అంత సన్నటి పైపులోంచి 80 డెసిబెల్స్ బేస్ రావాలంటే లోపల గాలి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ముందుకీ వెనక్కీ పరిగెత్తాలి. ఇంకో 6 డెసిబెల్స్ పెంచితే ఆ వేగం 60 దాటుతుంది. బండి మీద పోతుంటే చెవుల దగ్గర హోరు వస్తుందే, ఆ హోరే పాటలో కలిసి వినపడుతుంది. చిన్న బాక్సుల్లో గొట్టం మూతులు బాకాలా విప్పారి ఉండటం ఈ హోరు తగ్గించడానికే, తగ్గుతుంది కూడా, పూర్తిగా పోదు.

ఈ లెక్కలన్నీ ఊరికే గుడ్డిగా పుట్టలేదు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో రాసిన పరిశోధన, తర్వాత సిడ్నీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో చేసిన పని, ఈ రెండిటి పుణ్యాన ఇవాళ స్పీకర్ కాగితంలో నాలుగైదు సంఖ్యలు చూసి డబ్బా ఎంత ఉండాలో ముందే చెప్పేయొచ్చు. వాటిని థీల్ స్మాల్ పారామీటర్లు అంటారు. స్పీకర్ కొనేటప్పుడు ఆ కాగితం లేకపోతే కొనకండి. పీఎంపీఓ అని వేల వాట్లు అచ్చు వేసిన అట్టపెట్టె చూసి అసలు కొనకండి, ఆ వాట్లకి ఒప్పుకున్న కొలత అంటూ ఏదీ లేదు.

గొట్టం పట్టని చోట వాడేది పాసివ్ రేడియేటర్. మీ దగ్గరున్న బ్లూటూత్ స్పీకర్ రెండు చివర్లా ఊగే గుండ్రటి రబ్బరు బిళ్లలు ఉంటే అవే. వాటికి అయస్కాంతం, కాయిల్, వైరు ఏమీ ఉండవు, లోపలి గాలి తోస్తే ఊగుతాయి. 35 సెంటీమీటర్ల గొట్టంలోని గాలి చేసే పనిని ఒక బరువైన బిళ్ల చేస్తుందన్నమాట. బరువు పెంచితే స్వరం దిగుతుంది. మృదంగం ఎడమవైపు రవ్వ ముద్ద తడిపి అంటిస్తారు కదా, ఇంకాస్త ముద్ద పెడితే ఇంకాస్త లోతుగా పలుకుతుంది, ఇక్కడ రవ్వ బదులు చిన్న ఇనుప వాషర్లు. రెండు చివర్లా రెండు పెట్టడానికీ కారణం ఉంది: ఒకటి కుడికి తోసినప్పుడు రెండోది ఎడమకి తోస్తుంది, ఆ కుదుపులు సరికి సరి అయిపోయి స్పీకర్ టేబుల్ మీద నడవకుండా ఉంటుంది. నాకు ఈ పద్ధతి ఇష్టం. చిన్న డబ్బాకి గొట్టం కన్నా ఇదే మంచిది, కాకపోతే ఆ బిళ్లలు జరిపే గాలి మొత్తం స్పీకర్ జరిపే గాలి కన్నా బాగా ఎక్కువ ఉండాలి, అందుకే స్పీకర్ కన్నా పెద్దవి పెట్టాలి లేదా రెండు పెట్టాలి. బిళ్ల చాలకపోతే పెద్ద శబ్దానికి రబ్బరు చివరిదాకా సాగి పటపటమంటుంది.

ఇక ఈక్వలైజర్. జారిపోయిన బేస్‌ని యాంప్లిఫైయర్‌తో ఎత్తి పెట్టొచ్చు కదా అంటే, పెట్టొచ్చు, ఖరీదు చూడాలి. 6 డెసిబెల్స్ ఎత్తితే 4 రెట్లు వాట్లు, 10 ఎత్తితే 10 రెట్లు. సాధారణ చిన్న స్పీకర్‌కి 100 వాట్లు ఇస్తే శబ్దంగా మారేది అర వాటు కూడా ఉండదు, మిగతాదంతా కాయిల్‌లో వేడి. పైగా ఆ మూడు టీ స్పూన్ల హద్దు ఎక్కడికీ పోదు. ఇప్పుడు వచ్చే మంచి చిన్న స్పీకర్లలో ఒక చిప్ ఇదంతా కనిపెట్టుకుని ఉంటుంది: సౌండ్ తక్కువగా ఉన్నప్పుడు బేస్‌ని ఎత్తుతుంది, మీరు సౌండ్ పెంచుతున్న కొద్దీ కోన్ చిరగకుండా బేస్‌ని మెల్లగా దించేస్తుంది. ఇంట్లో పరీక్షించి చూడండి. సగం సౌండ్‌లో నిండుగా ఉన్న పాట, పూర్తిగా పెంచేసరికి పలచబడి గొంతులు మాత్రం అరుస్తాయి. కొట్లో స్పీకర్ విని కొనేవాళ్లు కచ్చితంగా పూర్తి సౌండ్‌లో ఒకసారి వినాలని నేను చెప్పేది ఇందుకే.

ఇంకో పని కూడా చేస్తారు, నాకు ఇది ఎప్పుడూ అద్భుతంగానే అనిపిస్తుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ 300 హెర్ట్జ్ కింద ఏమీ మోసుకురాదు. మగ గొంతు మూల స్వరం 100, 150 దగ్గర ఉంటుంది. మరి ఫోన్లో నాన్నగారి గొంతు పీలగా చిన్నపిల్లాడి గొంతులా వినపడాలి కదా? వినపడదు. మూల స్వరం రాకపోయినా దాని రెట్లు, 300, 400, 500 ఒక వరుసలో వస్తే మెదడు ఆ వరుసని చూసి లేని 100ని పూరించుకుంటుంది. చిన్న స్పీకర్లలో చిప్ ఈ సంగతినే వాడుకుంటుంది, 50 హెర్ట్జ్ పలకలేనప్పుడు 100, 150, 200 కలిపి ఇస్తుంది. తీగ ఏ స్వరంలో మోగుతోందో మనకు తెలుస్తుంది, గుండెకి తగిలే దెబ్బ మాత్రం ఉండదు. మోతాదు మించితే మృదంగం అట్టపెట్టె కొట్టినట్టు ఉంటుంది.

గది గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. ఖర్చు లేకుండా బేస్ పెంచేది ఇదొక్కటే. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు, అంత పొడవైన అల చిన్న స్పీకర్ నుంచి అన్ని వైపులా పాకుతుంది. స్పీకర్ని గోడకి దగ్గరగా జరిపితే వెనక్కి పోయేది కూడా ముందుకే వస్తుంది, ఒక గోడకి 6 డెసిబెల్స్ దాకా లాభం, మూలలో పెడితే ఇంకా. 6 డెసిబెల్స్ అంటే 4 రెట్ల యాంప్లిఫైయర్ ఖర్చు అని ఇందాకే చూశాం! అయితే గదికీ దాని సొంత స్వరాలు ఉంటాయి. 10 అడుగుల గోడల మధ్య 56 హెర్ట్జ్, 12 అడుగుల మధ్య 47 హెర్ట్జ్ అల నిలబడిపోతుంది. గది మధ్యలో కూర్చుంటే ఆ స్వరం వినపడదు, గోడకి ఆనుకుని కూర్చుంటే ఉప్పొంగుతుంది. బేస్ లేదని స్పీకర్ మార్చే ముందు కుర్చీ మార్చి చూడండి. నిజంగా చెప్తున్నాను, చాలామందికి అక్కడితో తీరిపోతుంది.

నా బాక్సులకి చివరికి చేసింది ఇదీ. మొదట వెనకాల రంధ్రంలో చెక్క ముక్క దిగ్గొట్టి చుట్టూ ఫెవికాల్ పూశాను. వైర్లు వచ్చే చోట, స్పీకర్ అంచు చుట్టూ ఎంసీల్, పల్చటి ఫోమ్ టేపు. మూసిన డబ్బాలో సూది బెజ్జం ఉన్నా సుయ్‌మని గాలి కారుతుంది. సరిగ్గా మూసుకుందో లేదో చూడటానికి కోన్‌ని నాలుగు వేళ్లతో అన్ని వైపులా సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలాలి. మెత్తగా, కాస్త ఆలస్యంగా తిరిగి వస్తే గాలి లోపలే ఉందని, టక్కున వచ్చేస్తే ఎక్కడో కారుతోందని. మొదటి బాక్స్ టక్కున వచ్చింది. అగరబత్తి వెలిగించి అంచుల వెంబడి తిప్పుతూ పాట పెడితే ఒక మూల పొగ అదిరింది, చెక్కలు కలిసే చోట వెంట్రుక మందం సందు. అదీ మూశాను.

తర్వాత పాత దిండులోంచి పాలిస్టర్ దూది 60 గ్రాములు తీసి వేళ్లతో విప్పి డబ్బాలో వదులుగా నింపాను. ఇది శబ్దాన్ని మింగడానికే కాదు, గాలి ఒత్తుకున్నప్పుడు వేడెక్కి గట్టిపడుతుంది, ఆ వేడిని దూది పీల్చుకుంటే గాలి స్ప్రింగ్ కాస్త మెత్తబడుతుంది. సిద్ధాంతం ప్రకారం డబ్బా 1.4 రెట్లు పెద్దదైనట్టు ప్రవర్తించాలి, నిజంగా దొరికేది అందులో కొంతే, కానీ దిండు ఇంట్లోదే కదా. కూరి కూరి నింపితే మాత్రం చోటు తగ్గిపోయి ఉన్నది పోతుంది.

ఈక్వలైజర్‌లో 65 హెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్స్ ఎత్తాను, అంతకు మించి ముట్టుకోలేదు. 45కి కింద పూర్తిగా కోసేశాను, ఎలాగూ పలకలేని దానికోసం కోన్ ఊగి ఊగి అలసిపోవడం ఎందుకని. రెండు బాక్సులనీ గోడకి జానెడు దూరంలో పెట్టాను. వదులుకున్నది ఏంటంటే పెద్ద సౌండ్, హాల్లో పదిమంది కూర్చుని మాట్లాడుకుంటుంటే ఇవి వినపడవు. రాత్రి అందరూ పడుకున్నాక, చదువుకునే గదిలో అదే కచేరీ రికార్డింగ్ పెట్టాను. మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనంలో ఎడమచెయ్యి రవ్వ ముద్ద మీద పడి, అలా మణికట్టుతో జార్చినప్పుడు వచ్చే ఆ గుంకీ, మొదట ఎక్కడ మొదలై ఎక్కడికి జారిందో పూర్తిగా వినిపించింది.